బడి మారినప్పుడు పాఠం: చింతలనార్ ప్రాంతంలో సాహిత్య బోధన



సాహిత్య పాఠం అనగానే సాధారణంగా మనస్సులో మెదిలే తరగతి గది ఒకటున్నది. నాలుగు గోడలు, ఒక నల్లబల్ల, ఇంచుమించు ఒకే ఈడు పిల్లలు, అందరి చేతులలో ఒకే వాచకం, ఉపాధ్యాయునికీ విద్యార్థులకూ ఉమ్మడిగా ఉన్న ఒక భాష. శిక్షణ కళాశాలలలో నేర్పే బోధన పద్ధతులు చాలావరకు ఈ గదిని ఊహించుకొని రూపొందినవే. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఉపాధ్యాయుడు ఏదో విధంగా సర్దుకొంటాడు. పుస్తకాలు చాలకపోతే ఇద్దరికొకటి ఇస్తాడు. గది చాలకపోతే పిల్లలను చెట్టు కిందికి తీసుకొని పోతాడు. అయితే గోడలు, వాచకం, భాష, చివరకు బడి ఉన్న ఊరు కూడా కొద్ది సంవత్సరాల వ్యవధిలో మారిపోయిన చోట సాహిత్య పాఠం ఏమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకదలచినవారు దూరం పోనక్కరలేదు. తెలుగువారి పొరుగునే దక్షిణ బస్తరు ఉన్నది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుండి జగర్‌గుండకు పోయే దారిమీద చింతలనార్ అనే గ్రామం ఉన్నది. ఆ పేరు విన్న తెలుగువారికి ముందుగా చింతచెట్లు స్ఫురిస్తాయి. గోండి భాషలో ‘నార్’ అంటే ఊరు. మన ‘నాడు’కు అది దాయాది మాట. ఒకే పేరులో రెండు భాషలు పక్కపక్కన కూర్చున్నట్లు వినిపించే ఈ ప్రాంతంలో ఇంటి భాష కోయ లేదా గోండి. దక్షిణాన కుంట వైపు వచ్చేకొద్దీ దోర్లల పలుకుబడిలో తెలుగు పాలు హెచ్చుతుంది. బడి భాష మాత్రం హిందీ. కుంట దాటి చింతూరు వైపు వస్తే బడి భాష తెలుగు. 2011 జనాభా లెక్కలలో గోండిని మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 29.8 లక్షలు, కోయను చెప్పుకొన్నవారు సుమారు 4 లక్షలు. ఈ రెండింటికీ రాజ్యాంగం 8వ షెడ్యూలులో చోటు లేదు. అయినా 1956లో చేర్చిన 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించవలసిందిగా రాష్ట్రాలను కోరుతూనే ఉన్నది.

2005లో సల్వాజుడుం ప్రారంభమైన తరువాత ఇక్కడి పల్లెలు అనేకం ఖాళీ అయ్యాయి. కొందరు రోడ్డుపక్క శిబిరాలకు, కొందరు అడవి లోపలికి, మరికొందరు అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు చెదిరిపోయారు. భద్రతా దళాలు బస చేస్తాయన్న కారణం చూపి మావోయిస్టులు బడి భవనాలను కూల్చివేశారు. నిలిచి ఉన్న భవనాలలో కొన్నింటిలో నిజంగానే దళాలు బస చేశాయి. పాఠశాలలను దళాలు ఖాళీ చేయవలసిందేనని 2011లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. సరిగ్గా అయిదు రోజుల తరువాత, ఏప్రిల్ 6న, చింతలనార్ దగ్గరి తాడిమెట్ల వద్ద 76 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. మరుసటి మార్చిలో తాడిమెట్ల, మోర్పల్లి, తిమ్మాపురం గ్రామాలలో ఇళ్ళు తగలబడ్డాయి. 2017 ఏప్రిల్‌లో ఇదే దారిమీద బుర్కాపాల్ వద్ద రోడ్డు పనికి కాపలా ఉన్న 25 మంది జవాన్లు మరణించారు. జగర్‌గుండలో 2006లో మూతపడిన బడి తిరిగి తెరుచుకొన్నది 2019లో. అంటే, మూతపడిన ఏడు ఒకటవ తరగతిలో చేరవలసిన ఆరేళ్ళ పిల్లవాడు, ఆ తలుపులు తెరుచుకొనే నాటికి 19 ఏళ్ళవాడు. సాహిత్య బోధన గురించి చెప్పే మాటలన్నీ ఈ లెక్కను పక్కన పెట్టుకొని చెప్పవలసినవే.

కూలిపోయిన బడులకు బదులుగా ప్రభుత్వం రోడ్డు వెంబడి వెదురు పలకలతో త్వరగా నిలబెట్టగల వసతి పాఠశాలలను ఏర్పాటు చేసింది. వాటిని అక్కడ పోర్టా క్యాబిన్లు అంటారు. వందలాది పిల్లలు ఒకే చోట ఉండి చదువుకొనే ఈ బడులలో ఉపాధ్యాయుని దినచర్య పూర్తిగా మారిపోయింది. గంట కొట్టగానే ఇంటికి పోయే పిల్లలు లేరు. పాఠం చెప్పేవాడే సాయంత్రం హాజరు తీసుకొంటాడు, రాత్రి జ్వరం వచ్చినవాని నుదుటిమీద చేయి వేసి చూస్తాడు. వారపు పట్టికలో సాహిత్యానికి కేటాయించిన ఘడియ పేరుకు పగలే ఉన్నా, నిజానికి కథకు అదను దీపాలు వెలిగిన తరువాతనే. ఇల్లు గుర్తుకు వచ్చే వేళ అదే కదా!

గిజుభాయి బధేకా 1930ల తొలినాళ్ళలో గుజరాతీలో వ్రాసిన ‘దివాస్వప్న’ను ఇక్కడ స్మరించుకోవచ్చు. అందులోని ఉపాధ్యాయుడు నాలుగవ తరగతి పిల్లలతో మొదటి రోజున నిశ్శబ్దపు ఆట ఆడించబోయి విఫలుడవుతాడు. కథ మొదలుపెట్టిన తరువాతనే తరగతి అతని చేతికి వస్తుంది. గిజుభాయి పిల్లలకు అల్లరి ఎక్కువ. ఇక్కడి పిల్లలలో చాలామంది విషయంలో కష్టం మౌనంతోనే. కొత్త భాష మధ్యకు వచ్చిపడిన పిల్లవాడు నెలల తరబడి మాట్లాడడు. అతనికి ఏమీ రాదని రిజిస్టరు చెప్తుంది. వచ్చినదంతా కోయలో ఉన్నదని చెప్పే గడి రిజిస్టరులో లేదు.

ఒక పాఠాన్ని తీసుకొని చూస్తే సంగతి విశదమవుతుంది. ప్రేమ్‌చంద్ 1933లో వ్రాసిన ‘ఈద్‌గాహ్’ కథ హిందీ వాచకాలలో తరచు కనిపిస్తుంది. హామిద్ అనే చిన్నపిల్లవాడు మూడు పైసలతో పండుగ మేళాకు పోతాడు. తోటివారు మట్టి బొమ్మలు, మిఠాయిలు కొనుక్కొంటే అతడు మాత్రం అవ్వ అమీనాకు చిమటా కొని తెస్తాడు, పెనం మీది రొట్టెలు తీసేటప్పుడు ఆమె వేళ్ళు కాలుతున్నాయని. ఈ కథను తెలుగులోకి తెచ్చేవారికి ఎదురయ్యే చిక్కే చింతలనార్ ఉపాధ్యాయునికీ ఎదురవుతుంది. చిమటాను ‘పట్టకారు’ అంటే తెలుగువారి వంటింట్లో వేడి గిన్నెను దించే సాధనం కనిపిస్తుంది. రొట్టె రోజూ కాల్చని ఇంట్లో ఆ వేళ్ళు ఎందుకు కాలుతాయో వివరించాలి. కొందరు ఉత్సాహవంతులు వస్తువునే మార్చివేయమంటారు: తెలుగుకు అట్లకాడ, బస్తరుకు జావ కలిపే గరిటె. ఇది సులభమైన మార్గమే గాని సరియైనది కాదు. హామిద్ తన చిమటాను భుజాన పెట్టుకొంటే తుపాకి, చేత పట్టుకొంటే ఫకీరు చిమటా అని వాదించి తోటివారి బొమ్మలన్నింటినీ ఓడిస్తాడు. గరిటెను భుజాన పెట్టుకొంటే ఆ వాదం నిలవదు. కథలోని వస్తువుకు ఒక ఆకారం ఉన్నది; కథ దానిమీద నడుస్తుంది.

కనుక తెలిసిన ఉపాధ్యాయుడు చిమటాను చిమటాగానే ఉంచి, బల్లమీద బొమ్మ గీసి, వీలైతే కమ్మరి చేత ఒకటి చేయించి చూపి, ప్రశ్నను మాత్రం పిల్లల వైపు తిప్పుతాడు. “మీ ఇంట్లో అవ్వ చేయి దేనివల్ల కాలుతుంది?” ఈ ప్రశ్నకు సమాధానం హిందీలో రాదు. జావ కుండ, ఇప్పపువ్వు వేయించే మూకుడు, పొయ్యిలోని కట్టె, ఒకదాని వెంట ఒకటి కోయలో వస్తాయి. వాటిని రానిచ్చి, ఆ మాటలను దేవనాగరిలోనే బల్లమీద వ్రాసి, పక్కన హిందీ మాట వ్రాస్తే అప్పటికి పాఠం మొదలైనట్లు. మేళా అన్న మాటకు కూడా ఇంతే. ఆ పిల్లవానికి వారపు సంత తెలుసు. విత్తనాల పండుం, మామిడికాయ పండుం తెలుసు. మేళా ఏమిటో చెప్పడానికి పది వాక్యాల నిర్వచనం అక్కరలేదు.

కాని ఈ కథలో మరి రెండు చోట్లున్నాయి. అక్కడ ఏ బోధన పద్ధతీ ముందుగా సిద్ధం చేయలేదు. మేళాలో మహ్మూద్ కొనుక్కొన్న బొమ్మ సిపాయి. 1933 నాటి పాఠకునికి అది ఖాకీ బట్టలు, ఎర్ర తలపాగా గల ముద్దు బొమ్మ. తాడిమెట్ల దారిలో పెరిగిన పిల్లవానికి సిపాయి బొమ్మ కాదు. వాని ఊళ్ళో శిబిరం ఉన్నది, బడిలో ఇసుక బస్తాలు ఉండినవి. అదే తరగతిలో పోలీసుగా పనిచేసే వాని కొడుకు ఉండవచ్చు, అడవి నుండి వచ్చినవాని తమ్ముడు ఉండవచ్చు. ఆ మాట రాగానే తరగతిలో ఒక చలనం కలుగుతుంది. దానిని చర్చగా మార్చాలన్న ఉబలాటం ఉపాధ్యాయునికి ఉండకూడదు. తొందరగా దాటవేయాలన్న భయమూ ఉండకూడదు. చదివి, ఒక క్షణం ఆగి, ఎవరైనా మాట్లాడితే విని, మాట్లాడకపోతే ముందుకు సాగడం తప్ప మరొక ఉపాయం లేదు.

రెండవది ఇంకా కష్టమైనది. హామిద్‌కు తల్లిదండ్రులు లేరు. తండ్రి డబ్బు సంపాదించడానికి పోయాడనీ, తల్లి అల్లా ఇంటి నుండి మంచి వస్తువులు తేవడానికి పోయిందనీ వానికి చెప్పి ఉంచారు. పాఠకునికి నిజం తెలుసు, పిల్లవానికి తెలియదు. ఆ తెలియకపోవడంలోనే కథకు బలమున్నది. వసతి బడిలో కూర్చున్న పిల్లలలో ఇటువంటి మాటలే విని వచ్చినవారు కొందరు ఉండవచ్చు. అక్కడ ఈ పేరా గట్టిగా చదివించి “దీని భావము వ్రాయుము” అని అడగడం క్రూరం. పరీక్షలో అడిగే ప్రశ్న అదే కావచ్చు. ఆ ప్రశ్నకు జవాబును తరువాత ఎప్పుడైనా వ్రాయించవచ్చు. ఆ రోజున కాదు. పాఠ్యప్రణాళికలో ఇటువంటి వాయిదాకు స్థలం ఉండదు. ఉపాధ్యాయుడే కల్పించుకోవాలి.

ఇక భాష సంగతి. పై నుండి చూసేవారు కోయ, గోండి భాషలు తెలుగుకు దగ్గర గనుక సరిహద్దు ఇవతలకు వచ్చిన పిల్లలకు కష్టం ఉండదని భావిస్తారు. రెండు, మూడు, నాలుగు అనే మాటలకు గోండిలో రండ్, మూండ్, నాలుంగ్ అంటారు, ఇంతవరకు సుఖమే. కాని ‘లోన్’ అంటే గోండిలో ఇల్లు, తెలుగు చెవికి ‘లోపల’. ‘ఏర్’ అంటే నీరు, తెలుగు చెవికి వాగు. దాహం వేసి నీళ్ళడిగిన పిల్లవాడు ఏటికి పోతానంటున్నాడని అనుకొనే ప్రమాదం ఉన్నది. హిందీ వైపు చిక్కు వేరు. హిందీలో ప్రతి వస్తువుకూ లింగం ఉన్నది; రోటీ స్త్రీలింగం, భాత్ పుంలింగం. క్రియ దానిని బట్టి మారుతుంది. తెలుగులోగాని గోండిలోగాని అన్నం రొట్టెల మధ్య ఆ భేదం లేదు. కథ తిరిగి చెప్పబోతున్న పిల్లవాడు “రోటీ జల్ గయా” అనగానే ఆపి దిద్దితే వ్యాకరణం నిలుస్తుంది, కథ అక్కడే ఆగిపోతుంది. దిద్దుబాటుకు వ్రాత పని ఉన్నది. చెప్పే వేళ చెప్పనివ్వాలి.

దినచర్యలో మార్పుల గురించి క్లుప్తంగా. ఇక్కడి క్యాలెండరును నడిపేది విద్యాశాఖ కాదు, అడవి. చలికాలం చివర చింతపండు, మార్చి ఏప్రిల్ నెలలలో ఇప్పపువ్వు, దాని వెంట తునికాకు. ఇప్పపువ్వు రాలే రోజులలో తెల్లవారుజామున చెట్టు కింద లేని పిల్లవాడు ఇంటికి నష్టం తెచ్చినవాడే. వార్షిక పరీక్షలు కూడా ఆ రోజులలోనే. వానకాలంలో వాగులు దారి మూసివేస్తాయి. అందుచేత వరుస క్రమంలో సాగే నవలిక వంటి దీర్ఘ పాఠాన్ని ఈ నెలలకు పెట్టుకోకుండా, ఒక్కరోజులో మొదలై ముగిసే కథలూ పాటలూ పొడుపుకథలూ ఉంచుకొనే ఉపాధ్యాయుడు గెలుస్తాడు. వారం రోజులు రానివాడు తిరిగి వచ్చినప్పుడు తన కోసం పాఠం ఎక్కడో ఆగి లేదని కుంగిపోడు.

అన్నింటికంటె పెద్ద మార్పు వలస. సుక్మా, బీజాపూర్ జిల్లాల నుండి మిరపకోతకు తెలుగు రాష్ట్రాలకు వచ్చే కుటుంబాలతో పిల్లలు కూడా వస్తారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజులలో, ములుగు జిల్లా మిరప చేల నుండి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి నడిచిపోతూ 12 ఏళ్ళ బాలిక దారిలోనే మరణించింది. ఆ వయస్సుకు ఆమె ఆరవ లేదా ఏడవ తరగతిలో ఉండవలసినది. అదే నెలలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘పఢయీ తుంహర్ దువార్’ పేరుతో ఇంటివద్దకు చదువు అనే కార్యక్రమం ప్రారంభించింది. అంతర్జాలం లేని చోట అది ఎట్లా చేరుతుంది? బస్తరులో కొన్ని గ్రామాలలో లౌడ్‌స్పీకర్ల ద్వారా పాఠాలు వినిపించారు. పేటలలో చెట్ల కింద తరగతులు పెట్టారు. ‘బుల్టూ కే బోల్’ అన్న పేరుతో పాఠాల శబ్దాలను ఒక ఫోను నుండి మరొక ఫోనుకు బ్లూటూత్ ద్వారా పంచారు. అందుకు సంతలు కూడా తోడ్పడ్డాయి. ఈ ప్రయోగాలలో గణితం ఎంతవరకు నిలిచిందో గాని, కథ మాత్రం చక్కగా నిలవగలదు. అది మొదట నుండి చెవికి చెందినదే.

సరిహద్దు ఇవతల ఈ పని కొత్తది కాదు. పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించిన గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకొని, తెలుగు లిపిలో సవర వాచకాలు వ్రాసి, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడి నడిపించారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపితే ఆ సొమ్ముతో సవరలకు బడులు పెట్టమన్నారని ప్రసిద్ధి. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయనను తలచుకొనే తెలుగువారు ఈ సంగతిని అంతగా తలచుకోరు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, లంబాడి, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషలలో బహుభాషా విద్యను ప్రారంభించి, తెలుగు లిపిలో మొదటి తరగతుల వాచకాలు తయారు చేసింది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం 5వ తరగతి వరకు సాధ్యమైన చోట మాతృభాషలో బోధన ఉండాలన్నది. ఛత్తీస్‌గఢ్‌లో కూడా స్థానిక భాషలను హిందీతో జత చేసిన ప్రాథమిక వాచకాలు వచ్చాయి.

ఫలితంగా ఒక విచిత్ర స్థితి ఏర్పడింది. ఒకే కోయ మాట సరిహద్దుకు అవతల దేవనాగరిలో, ఇవతల తెలుగు లిపిలో అచ్చవుతున్నది. చింతలనార్ వైపు మూడవ తరగతి చదివిన పిల్లవాడు చింతూరు వైపు బడిలో చేరితే అక్షరాల దగ్గర తిరిగి మొదటివాడవుతాడు. బదిలీ పత్రం లేదన్న కారణంతో ప్రవేశం ఆలస్యం చేయరాదని 2009 చట్టం స్పష్టంగా చెప్తున్నది; వయస్సుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలనీ చెప్తున్నది. ఆ శిక్షణ దేనితో మొదలుపెట్టాలన్నది మాత్రం ఉపాధ్యాయుని చేతిలో ఉన్నది. అక్షరమాలతో మొదలుపెడితే పదేళ్ళవాడు ఆరేళ్ళవాని పక్కన తలవంచుకొని కూర్చుంటాడు. అతనికి వచ్చిన కథతో మొదలుపెడితే, ఆ కథను ఉపాధ్యాయుడు తెలుగు లిపిలో వ్రాసి అతని చేతికిస్తే, తాను చెప్పినదే గనుక లిపి తెలియకున్నా ఏ పంక్తిలో ఏమున్నదో ఊహించగలడు. అక్షరాలు ఆ ఊహ వెంట వస్తాయి. హామిద్ కథను అక్కడ హిందీలో విన్నవాడు ఇక్కడ తెలుగులో మళ్ళీ వింటే, ముందేమి జరుగుతుందో తరగతిలో అందరికంటె ముందుగా చెప్పేవాడు అతడే అవుతాడు.

తిరిగి తెరిచిన లోపలి బడులలో ఇప్పుడు పాఠం చెప్తున్నవారిలో శిక్షాదూతలు అనే స్థానిక యువకులు ఉన్నారు. వారి జీతం కొద్దిపాటి గౌరవ వేతనం. 2024, 2025 సంవత్సరాలలో వారిలో కొందరు మావోయిస్టుల చేతిలో హత్యకు గురయ్యారు. పిల్లల భాష వారికి ఇంటి భాష. బయటి నుండి వచ్చిన పట్టభద్రునికి పది సంవత్సరాలలో పట్టుబడని నుడికారం వారికి నాలుక మీదనే ఉన్నది. లోటు ఉన్నదల్లా శిక్షణలోనూ, పుస్తకాలలోనూ. సుక్మా వైపు శిక్షాదూతకూ, చింతూరు, భద్రాచలం వైపు కోయ బడి ఉపాధ్యాయునికీ మధ్య ఈనాటికీ పాఠాల ఇచ్చిపుచ్చుకోళ్ళకు నియతమైన మార్గం కావాలి. రెండు విద్యాశాఖల అనుమతులు, రెండు రాష్ట్రాల ముద్రణాలయాలు ఆ తరువాతి సంగతి. ముందుగా ఒక ఎక్సర్‌సైజు పుస్తకం చాలు: ఎడమ పుటలో పిల్లలు చెప్పిన కథ దేవనాగరిలో, కుడి పుటలో అదే కథ, అవే కోయ మాటలు, తెలుగు లిపిలో. మిరపకోతకు బయలుదేరే పిల్లవాని సంచిలో బట్టల మధ్య అది పడుతుంది. చేరిన బడిలో అయ్యవారు దానిని తెరిచి మొదటి పుట ఆ పిల్లవాని చేతనే చదివించవచ్చు.